పాత స్కోర్లను ఎవరూ ఎందుకు దాటలేకపోయారు: ఒక పజిల్ గేమ్ హైస్కోర్ టేబుల్ కేస్ స్టడీ

నేపథ్యం

గుర్తుపట్టే వీలు లేకుండా ఆట పేరు, బొమ్మల తీరు, తయారుచేసిన టీమ్ వివరాలు వదిలేస్తున్నాను. ఆట తరహా మాత్రం చెప్పక తప్పదు, లేకపోతే తర్వాత వచ్చే లెక్కలు అర్థం కావు.

ఇది సేమ్‌గేమ్ కుటుంబానికి చెందిన పజిల్. 1985లో జపాన్‌లో చైన్ షాట్ పేరుతో వచ్చిన ఆటకు ఇవన్నీ వారసులే. బోర్డు మీద అడ్డంగా 15, నిలువుగా 10, మొత్తం 150 గళ్లు. 5 రంగులు. ఒకే రంగు గళ్లు రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఆనుకుని ఉంటే ఆ గుంపును నొక్కి తీసేయొచ్చు. పైనున్నవి కిందికి జారతాయి, ఒక నిలువు వరస ఖాళీ అయితే పక్కవి దగ్గరికి జరుగుతాయి. బోర్డంతా ఖాళీ చేస్తే 1000 పాయింట్ల బోనస్.

గుంపులోని గళ్ల సంఖ్యను ‘గ’ అనుకుందాం. మొదట విడుదలైన ఆటలో ఒక గుంపుకు స్కోరు గ×(గ−1). తర్వాత ఒక అప్‌డేట్‌లో దాన్ని (గ−2)²గా మార్చారు. మార్చడానికి మంచి కారణమే ఉంది. కొత్త సూత్రం ప్రకారం జంటను తీస్తే సున్నా, మూడింటిని తీస్తే ఒకటి. చిన్న గుంపులు తీస్తూ పోయేవాళ్లకు ఏమీ రాదు, ఓపికగా పెద్ద గుంపు పేర్చేవాళ్లకే ఫలితం. ఆటగా అది మెరుగైంది. హైస్కోర్ టేబుల్‌ను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఆ టేబుల్ రెండు చోట్ల ఉండేది. ఆటగాడి కంప్యూటర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైల్: పేరు, స్కోరు, తేదీ, పది వరసలు. ఇక అందరికీ కనిపించే టేబుల్ సర్వర్‌లో. ఆట ముగియగానే ప్రోగ్రామ్ పేరునూ స్కోరునూ పంపుతుంది, సర్వర్ వచ్చింది వచ్చినట్టు రాసుకుంటుంది. సొంత కంప్యూటర్ వరకు ఈ పద్ధతిలో తప్పేమీ లేదు. విండోస్ మైన్‌స్వీపర్ కూడా ఒక్కో స్థాయికి ఒక పేరు, ఒక సమయం చొప్పున మామూలుగానే దాచుకునేది, కావాలంటే ఎవరైనా తెరిచి మార్చుకోవచ్చు. తన స్కోరు తానే దిద్దుకుంటే మోసపోయేది తానే కదా. ఒకే యంత్రాన్ని చాలామంది వాడే యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మాత్రం జాగ్రత్త వేరుగా ఉండేది. స్కోర్ల ఫైల్‌ను ‘గేమ్స్’ అనే గ్రూపు పేరున పెట్టి, ఆట ప్రోగ్రామ్‌కు మాత్రమే రాసే హక్కు ఇచ్చేవారు, ఆడేవాళ్లకు నేరుగా ఉండేది కాదు. అంటే స్కోరును ఎవరు రాయొచ్చనే ప్రశ్న పాతదే. ఈ టీమ్ సర్వర్ పెట్టిన రోజున ఆ ప్రశ్న వేసుకోలేదు.

వచ్చిన ఫిర్యాదు

నన్ను పిలిచినప్పుడు చెప్పింది ఒకే వాక్యం: “చీటర్లు టేబుల్‌ను పాడుచేశారు, ఆపాలి.” ఆటగాళ్ల నుంచి వచ్చిన మెయిల్స్ ఇప్పించమని అడిగి చదివితే అందులో మూడు వేర్వేరు గొడవలు కనిపించాయి. కొందరి సొంత టేబుల్ ఉన్నట్టుండి ఖాళీ అయిపోతోంది. కొందరు సర్వర్ టేబుల్ పైవరసల్లో ఉన్న స్కోర్లు అసాధ్యమంటున్నారు. మరికొందరు అప్‌డేట్ తర్వాత తమ పాత రికార్డును తామే దాటలేకపోతున్నామని వాపోతున్నారు. టీమ్ దృష్టిలో ఈ మూడూ చీటింగే. ఖాళీ అయిన టేబుల్‌ను కూడా “ఫైల్‌ను కెలికి ఉంటారు” అని కొట్టిపారేశారు.

మూడింటికీ ఒకే మూలం ఉందో లేదో తేలేదాకా కోడ్ ముట్టుకోకూడదని అనుకున్నాను. ముఖ్యంగా మూడో ఫిర్యాదు నన్ను ఆపింది. తన పాత స్కోరును తనే దాటలేకపోతున్నానని చెప్పే మనిషికి మోసం చేసే అవసరం ఏముంది?

అప్పటికే చేసి చూసినవి

నేను వెళ్లేసరికి టీమ్ రెండు మందులు వేసి ఉంది.

మొదటిది చెక్‌సమ్. ఫైల్ చివర ఒక రహస్య సంకేతం రాస్తారు. ఫైల్ తెరిచినప్పుడు సంకేతం కుదరకపోతే ఎవరో దిద్దారని భావించి టేబుల్‌ను చెరిపేస్తారు. సంకేతం తయారుచేసే తాళం ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది. ప్రోగ్రామ్ ఆటగాడి చేతిలో ఉంటుంది. పట్టుదల ఉన్నవాడికి ఆ తాళం దొరకడం పెద్ద పని కాదు, దొరికింది కూడా. నష్టపోయింది నిజాయితీగా ఆడేవాళ్లే. ప్రోగ్రామ్ పాత ఫైల్‌ను ముందు ఖాళీ చేసి, ఆ తర్వాత దాని మీదే కొత్తది రాసేది. ఆ మధ్యలో కరెంటు పోయినా, ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోయినా సగం ఫైలే మిగులుతుంది. సగం ఫైల్‌కు చెక్‌సమ్ కుదరదు. కుదరలేదు కాబట్టి టేబుల్ పోతుంది, వెంటనే ఖాళీ టేబుల్ దాని మీద సేవ్ అవుతుంది. చెక్‌సమ్ పెట్టాకే “నా స్కోర్లు పోయాయి” అనే మెయిల్స్ పెరగడానికి కారణం ఇదే.

రెండోది గరిష్ఠ పరిమితి. “ఇంత ఎవరూ కొట్టలేరు” అని 2600 దగ్గర గీత గీసి, దాటినవాటిని సర్వర్ తిరస్కరించేలా చేశారు. ఆ అంకె టీమ్‌లో బాగా ఆడేవాళ్ల అనుభవం నుంచి వచ్చింది. ఆటను తయారుచేసినవాళ్లు ఆ ఆటను అందరికంటే బాగా ఆడతారనుకోవడం ఈ రంగంలో తరచూ కనిపించే భ్రమ. నిజంగా మోసం చేసేవాడు 2590 అని పంపి ఊరుకుంటాడు. గీత దాటి దొరికిపోయేది నేర్పరే.

లెక్క వేసి చూస్తే

గీత ఎక్కడ గీయాలో ముందు కాగితం మీద తేల్చుకోవాలనిపించింది. ఒక రంగు గళ్లను రెండు విడతలుగా తీస్తే వచ్చే స్కోరు, ఒకే గుంపుగా తీస్తే వచ్చేదానికంటే ఎప్పుడూ తక్కువే. కాబట్టి ప్రతి రంగూ ఒకే గుంపుగా తీయగలిగితే వచ్చే మొత్తమే ఆ బోర్డుకు పైహద్దు. ఐదు రంగులూ 30 చొప్పున ఉంటే కొత్త సూత్రం ప్రకారం 28² అంటే 784, దానికి ఐదు రెట్లు 3920, బోనస్‌తో 4920. రంగులు 40, 35, 30, 25, 20గా పడితే అదే హద్దు బోనస్ లేకుండా 4170, బోనస్‌తో 5170. అందరికీ ఒకే గీత సరిపోదు, ప్రతి బోర్డుకూ దాని హద్దు దానిదే. పైగా ఇది కాగితం మీది హద్దు. అసలు ఆటలో ప్రతి రంగునూ ఒక్క గుంపుగా చేర్చడం దాదాపు జరగని పని.

తర్వాత రెండు సూత్రాల మధ్య తేడా చూశాను. అసలు విషయం ఇక్కడ బయటపడింది. గ×(గ−1)లోంచి (గ−2)² తీసేస్తే మిగిలేది 3గ−4. ఒక గుంపును నొక్కి తీసేయడాన్ని ఒక ఎత్తు అందాం. ఒకే ఆటను, ఒకే ఎత్తులతో, రెండు సూత్రాలతోనూ లెక్కించి, 150 గళ్లూ ఖాళీ అయ్యాయనుకుంటే తేడా 450లోంచి ఎత్తుల సంఖ్యకు నాలుగు రెట్లు తీసేసినంత. 35 ఎత్తుల్లో ముగిస్తే 450−140, అంటే 310. అప్‌డేట్‌కు ముందు ఆడినవాళ్లకు ఏ తప్పూ చేయకుండానే మూడు వందల పైచిలుకు పాయింట్లు ఎక్కువ పడ్డాయి. సర్వర్ టేబుల్‌ను తేదీ ప్రకారం రెండు ముక్కలు చేస్తే పైవరసల మధ్య అంతరం సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంది. “అసాధ్యం” అని జనం వేలెత్తి చూపిన స్కోర్లలో చాలావరకు పాత నియమాల కింద నిజాయితీగా వచ్చినవే.

అన్నీ కాదు. ఇంకో చిన్న లెక్క మిగతావాటిని కొంత వడపోసింది. పాత సూత్రంలో గ×(గ−1) ఎప్పుడూ సరి సంఖ్యే, కాబట్టి మొత్తం స్కోరు బేసి కావడానికి వీల్లేదు. కొత్త సూత్రంలో స్కోరు బేసి అయిందంటే తీసిన గళ్ల సంఖ్య బేసి అన్నమాట. 150 సరి సంఖ్య. అంటే బోర్డు ఖాళీ కాలేదు, బోనస్ రాలేదు. టేబుల్‌లో పైనున్న ఒక స్కోరు 3115. బేసి. పాత ఆటలో అది పుట్టనే పుట్టదు. కొత్త ఆటలో బోనస్ లేకుండా 3115 రావాలంటే ప్రతి రంగునూ ఇంచుమించు ఒక్క గుంపుగా చేర్చి ఉండాలి. అది చేతితో రాసి పంపిన అంకెనే అనుకోవాలి. ఇలా కొన్ని దొరికాయి. దొంగ అంకె కల్పించేవాడు సరి సంఖ్య ఎంచుకుంటే ఈ వల పనిచేయదు, కాబట్టి దీన్ని నియమంగా పెట్టమని చెప్పలేదు. రోగ నిర్ధారణకు మాత్రం పనికొచ్చింది: అసలు మోసం కొద్దిపాటిదే, రెండు వేర్వేరు ఆటలను ఒకే టేబుల్‌లో కలపడమే పెద్ద సమస్య.

సగం పనిచేసిన పరిష్కారం

టీమ్ మొదట అడిగింది పాత స్కోర్లను కొత్త సూత్రంలోకి మార్చెయ్యమని. న్యాయమైన కోరికే. కానీ ఎత్తుల సంఖ్యా, మిగిలిన గళ్ల సంఖ్యా తెలిస్తే తప్ప మార్చలేం. టేబుల్‌లో ఉన్నది చివరి అంకె ఒక్కటే. అందరికీ సగటున 300 తగ్గిద్దామన్నారు. నేను వద్దన్నాను. ఒక ఆటగాడి రికార్డును ఊహతో దిద్దడమంటే వాళ్లు తిట్టుకుంటున్న చీటర్ చేసిన పనినే మనం అధికారికంగా చేసినట్టు.

మిగిలిన దారి టేబుల్‌ను రెండుగా విడగొట్టడం: పాత నియమాలది, కొత్త నియమాలది. తేదీని బట్టి విడగొడితే సరిపోతుందని అనుకున్నారు గానీ, అప్‌డేట్ వేసుకోనివాళ్లు ఇంకా పాత ప్రోగ్రామ్‌తోనే స్కోర్లు పంపుతున్నారు. ప్రోగ్రామ్ తన వెర్షన్ ఏదో చెప్పడం లేదు, సర్వర్‌కు తెలిసే మార్గం లేదు. చివరికి అప్‌డేట్‌కు ముందువన్నీ పాత టేబుల్‌లో, వెర్షన్ చెప్పే కొత్త ప్రోగ్రామ్ నుంచి వచ్చేవి కొత్త టేబుల్‌లో పెట్టి, మధ్యలోవాటిని ‘నియమం తెలియదు’ అనే గుర్తుతో పాత టేబుల్ కిందే చూపించాం. గొడవ చల్లబడింది, ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. పాత రికార్డులున్నవాళ్లు తమను మూల గదిలో కూర్చోబెట్టారని అలిగారు. కొత్త టేబుల్‌లో కూడా కొద్దిరోజులకే మరో అసమానత బయటపడింది.

ఆటలో “ఇదే బోర్డు మళ్లీ ఆడు” అనే బటన్ ఉంది, ఎత్తును వెనక్కి తీసుకునే అన్‌డూ కూడా ఉంది. ఒకే బోర్డును పదే పదే ఆడి, ఎక్కడ తప్పు జరిగిందో చూసుకుంటూ మెరుగుపరుచుకున్నవాడి స్కోరూ, తెలియని బోర్డును మొదటిసారి ఆడినవాడి స్కోరూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ చట్టబద్ధమే, రెండిటి వెనుకా శ్రమ ఉంది. పోల్చదగినవి మాత్రం కావు. నియమం మారడమూ ఇదీ నిజానికి ఒకే జబ్బు: స్కోరు ఏ పరిస్థితుల్లో వచ్చిందో టేబుల్‌కు తెలియదు.

పనిచేసింది

అందుకని స్కోరును దాచడం మానేసి, ఆటనే దాచుదామని ప్రతిపాదించాను. ప్రతి ఆటకూ ఒక రికార్డు: నియమాల వెర్షన్, బోర్డు పుట్టిన సీడ్ (ఏ బోర్డు రావాలో తేల్చే మొదటి అంకె), మొదటిసారా మళ్లీ ఆడినదా, అన్‌డూ వాడారా, ఆ తర్వాత ఎత్తుల జాబితా. గళ్లు 150 కాబట్టి ఏ గడి నొక్కారో చెప్పడానికి ఒక బైట్ చాలు. 40 ఎత్తుల ఆటకు 40 బైట్లు, పైన కొన్ని. వేల ఆటల డేటా కలిపినా ఫోన్‌తో తీసిన ఒక ఫొటో అంత ఉండదు. స్కోరు ఈ రికార్డు నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు లెక్కగట్టుకునేదే. పది వరసల టేబుల్ ఈ రికార్డుల మీద వేసిన ఒక ప్రశ్నకు జవాబు మాత్రమే. రేపు నియమం మళ్లీ మారితే పాత ఆటలన్నిటినీ కొత్త సూత్రంతో లెక్కించి చూపించొచ్చు, లేదా విడిగా ఉంచొచ్చు. ఆ నిర్ణయం వాయిదా వేసుకునే వెసులుబాటు దొరుకుతుంది.

టీమ్‌లో ఒకరు అభ్యంతరం చెప్పారు: “పది అంకెలు చూపించడానికి ఇంత హంగామానా?” నా జవాబు పాత స్కోర్లే. వాటిని మార్చలేకపోయింది ఆ నలభై బైట్లు లేకనే.

రీప్లే, అంటే దాచిన ఎత్తులతో ఆటను మళ్లీ నడిపించడం, పనిచేయాలంటే ఒకే సీడ్ నుంచి అన్నిచోట్లా ఒకే బోర్డు రావాలి. మొదటి పరీక్షలోనే అది తప్పింది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆడిన ఆటను ఇంకోదాంట్లో నడిపిస్తే మూడో ఎత్తుకే ఖాళీ చోట నొక్కినట్టు వచ్చింది. సీ ప్రోగ్రామింగ్ భాషలో యాదృచ్ఛిక అంకెలు ఇచ్చే ‘ర్యాండ్’ ఫంక్షన్ లోపల ఏ పద్ధతి వాడాలో ఆ భాష ప్రమాణం నిర్దేశించదు. ఒక్కో లైబ్రరీ ఒక్కో వరస ఇస్తుంది. అలాంటి అంకెలు పుట్టించడానికి 2003లో జార్జ్ మార్సాగ్లియా ప్రకటించిన ఎక్సార్‌షిఫ్ట్ పద్ధతిని కొన్ని వరసల కోడ్‌గా ఆటలోనే పెట్టేశాం. బోర్డు తయారీలో గానీ స్కోరు లెక్కలో గానీ ఎక్కడా దశాంశాలు లేకుండా చూశాం. అప్పటి నుంచి రీప్లేలు తప్పలేదు.

టేబుల్ ఖాళీ అయిపోయే జబ్బుకు వైద్యం వేరు, అది సులువైనదే. కొత్త రికార్డును ముందు పక్క ఫైల్‌లో రాసి, డిస్కు మీదికి చేరిందని నిర్ధారించుకున్నాక దాని పేరును అసలు పేరుగా మార్చడం. పేరు మార్పు ఒకే చర్యగా జరుగుతుంది కాబట్టి పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా ఉంటుంది, సగం ఉండదు. చదవలేని ఫైల్ ఎదురైతే చెరపకుండా పక్కన పెట్టడం. చెక్‌సమ్ ఉంచాం, కానీ దాని పని మారింది: పాడైన ఫైల్‌ను గుర్తించడమే, ఎవరినీ శిక్షించడం కాదు.

ఇంకో లాభం అనుకోకుండా వచ్చింది. రెండు కంప్యూటర్లలో ఆడుతూ ఆ ఫోల్డర్‌ను ఆన్‌లైన్‌లో సింక్ చేసుకునేవాళ్లకు ఒక కంప్యూటర్ ఫైల్ ఇంకోదాన్ని తుడిచేసేది. ఇప్పుడు ఒక్కో ఆటకు ఒక్కో గుర్తింపు సంఖ్యా, ఒక్కో చిన్న ఫైలూ ఉన్నాయి. రెండు వైపుల ఆటలనూ కలిపేస్తే చాలు, ఏది ముందు కలిపినా ఫలితం ఒకటే. సర్వర్‌కు పొరపాటున రెండుసార్లు పంపినా రెండు వరసలు కనిపించవు.

సర్వర్ ఇప్పుడు స్కోరును తీసుకోదు. రికార్డు తీసుకుని, తానే ఆడి చూసి, స్కోరు తానే రాస్తుంది. సీడ్ ఆటగాడే ఎంచుకుంటే రంగులు అనుకూలంగా పడే బోర్డు కోసం వెతుక్కుంటాడు, కాబట్టి అందరి టేబుల్‌కు సీడ్ సర్వరే ఇస్తుంది. సొంత టేబుల్‌కు ఆ పట్టింపు లేదు.

సమాన స్కోర్ల దగ్గర ఒక చిక్కు వచ్చింది, క్లుప్తంగా చెబుతాను. ర్యాంకుల కోసం టీమ్ రెడిస్ అనే డేటాబేస్ వాడుతోంది. అందులో స్కోర్లు సమానమైతే సభ్యుల పేర్ల అక్షరక్రమమే వరసను తేలుస్తుంది. పెద్ద స్కోరు నుంచి కిందికి చూపిస్తే అది తిరగబడి, అక్షరక్రమంలో వెనకున్న పేరు పైకి వస్తుంది. ముందు సాధించినవారే పైన ఉండాలనేది ఆటగాళ్లు ఆశించే మర్యాద. అందుకని స్కోరును 2³² తో గుణించి, అది ఎన్నోదిగా వచ్చిందో చెప్పే క్రమసంఖ్యను, ముందు వచ్చినదానికి పెద్ద విలువ దక్కేలా తిరగేసి కలిపాం. రెడిస్ ఈ అంకెలను 64 బిట్ల దశాంశ సంఖ్యలుగా దాస్తుంది, 2⁵³ వరకే పూర్ణాంకాలన్నీ కచ్చితంగా నిలుస్తాయి. మన స్కోర్లు 2¹³ లోపే కాబట్టి ఇరుకు లేదు. లక్షల్లో స్కోర్లు వచ్చే ఆటకు ఇదే చిట్కాను కాపీ కొట్టేముందు లెక్క చూసుకోవాలి. ఆటగాడి గడియారాన్ని మాత్రం ఎక్కడా నమ్మలేదు, క్రమసంఖ్య సర్వర్‌దే.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నది

ఇలాంటి పని వస్తే ఇప్పుడు ముందుగా అడిగేది “ఈ రెండు స్కోర్లను పోల్చొచ్చని మీకెలా తెలుసు?” అని. జవాబు తడబడితే మిగతా ఫిర్యాదుల్లో సగం అక్కడి నుంచే వస్తున్నాయని తరచూ తేలుతుంది. చీటింగ్ మాట ఎవరైనా ఎత్తితే, నిజాయితీపరుడి ఫైల్ పాడైనప్పుడు ప్రోగ్రామ్ ఏం చేస్తుందో చూడకుండా ముందుకు వెళ్లను. స్కోరు సూత్రాన్ని కాగితం మీద కాసేపు తిరగేయడం కూడా అలవాటైంది. సరి బేసి లాంటి గుణాలు దాదాపు ప్రతి పజిల్ సూత్రంలోనూ ఏదో ఒకటి దాగి ఉంటాయి, లాగ్‌లు లేని పాత డేటాకు అవే సాక్షులు.

తేలకుండా మిగిలినది

రీప్లే ఆ ఎత్తులతో ఆ స్కోరు వస్తుందని రుజువు చేస్తుంది. ఆ ఎత్తులు మనిషి తలలోంచే వచ్చాయని రుజువు చేయదు. ఈ తరహా బోర్డును ఖాళీ చేయగలమో లేదో తేల్చడం సాధారణ రూపంలో ఎన్‌పీ-కంప్లీట్ సమస్య (వేగంగా తేల్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియని రకం) అని నిరూపించారు. అయినా మాంటే కార్లో ట్రీ సెర్చ్ (యాదృచ్ఛికంగా చాలాసార్లు ఆడి చూసి మంచి ఎత్తును ఎంచుకోవడం) పద్ధతితో రాసిన ప్రోగ్రామ్‌లు సేమ్‌గేమ్‌లో చాలా పెద్ద స్కోర్లు తెచ్చుకుంటాయి. అలాంటి ప్రోగ్రామ్ చెప్పిన ఎత్తులను చేత్తో నొక్కినవాడిని సర్వర్ పట్టుకోలేదు.

ఎత్తుకూ ఎత్తుకూ మధ్య గడిచిన సమయాన్ని కూడా రికార్డు చేసి, యంత్రంలా కనిపించేవాటిని వాటంతటవే తీసేయాలని టీమ్ అడిగింది. సమయాలు రికార్డు చేయడానికి ఒప్పుకున్నాను, వాటంతటవే తీసేయడానికి ఒప్పుకోలేదు. నేర్పరులు 2600 గీతకు బలైనట్టే వేగంగా ఆడేవాళ్లు దీనికి బలవుతారు. బదులుగా పైవరసల్లోని ఏ ఆటనైనా ఎవరైనా నొక్కి మొదటి ఎత్తు నుంచి చూసే వీలు కల్పించారు. అనుమానం ఉన్నవాళ్లు చూసి, ఎక్కడ తేడాగా ఉందో ఎత్తు నంబరుతో సహా రాసి పంపుతున్నారు, టీమ్ ఒక్కోదాన్ని విడిగా చూసి నిర్ణయిస్తోంది. ఆ గీత తీసేశాక 2600 దాటి వచ్చిన ఆటల రీప్లేలనే జనం ఎక్కువగా చూస్తున్నారట.